రక్తనాళాల పుట్టుకపై పోస్ట్‌డాక్: ఒక తల్లి ప్రశ్న

ప్రశ్న: మా అమ్మాయి జీవశాస్త్రంలో పీహెచ్‌డీ పూర్తి చేసింది. ఇతర రకాల కణాలుగా మారగల మూలకణాల (స్టెమ్ సెల్స్) నుంచి రక్తనాళాలు ఎలా ఏర్పడతాయో పరిశోధించడానికి బెంగళూరులో పోస్ట్‌డాక్ చేస్తానంటోంది. ఇది చదువా, ఉద్యోగమా? షుగరు వల్ల మా తమ్ముడి కాలికి రక్తం సరిగా అందడం లేదు. మూలకణాల ఇంజెక్షన్లతో కొత్త నాళాలు పుట్టిస్తామని ఒక క్లినిక్ వారు లక్షలు అడుగుతున్నారు. అమ్మాయి చేయబోయే పనీ, ఈ వైద్యమూ ఒకటేనా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: పోస్ట్‌డాక్‌కు పరీక్షలు లేవు, చివర పట్టా ఉండదు. జీతమో ఫెలోషిప్పో అందుకుంటూ, ఒక శాస్త్రవేత్త ప్రయోగశాలలో తన సొంత ప్రశ్నను తానే నడిపించడం నేర్చుకునే దశ అది. కేంద్ర ప్రభుత్వపు నేషనల్ పోస్ట్‌డాక్టోరల్ ఫెలోషిప్ 2 సంవత్సరాలకే ఇస్తారు కనుక, స్థిరత్వం గురించి మీరు పడే ఆందోళన న్యాయమైనదే. అయినా జాతీయ పరిశోధన సంస్థల్లో సొంత ప్రయోగశాల కోరుకునేవారికి ఈ అనుభవం దాదాపు తప్పనిసరి.

ఇక ఆమె ఎంచుకున్న విషయం. పొదగబెట్టిన రెండో రోజు కోడిగుడ్డులో, పచ్చసొన మీద పరచుకున్న పిండపు పొరలో కణాలు గుంపులు కడతాయి. గుంపు అంచున ఉన్నవి నాళపు గోడగానూ, లోపలివి రక్తకణాలుగానూ మారతాయి. అమెరికన్ శాస్త్రవేత్త ఫ్లోరెన్స్ సేబిన్ దీన్ని సజీవ పిండంలోనే సూక్ష్మదర్శిని కింద గమనించి 1920లో ప్రచురించారు. గోడా, అందులో పారేదీ ఒకేచోట పుడుతుంటే, రెండింటికీ తల్లికణం ఒకటేనా అన్న ప్రశ్న నేటికీ పరిశోధకులను పనిచేయిస్తూనే ఉంది. జీబ్రాఫిష్ అనే చిన్న చేప పారదర్శకమైన పిండాలలో బృహద్ధమని (శరీరపు ప్రధాన రక్తనాళం) అడుగుగోడ కణాలు ఒక్కొక్కటే వంగి, గోడను విడిచి, రక్త మూలకణాలుగా బయటపడటాన్ని 2010లో పరిశోధకులు సజీవంగా చిత్రీకరించగలిగారు. ఆ చిత్రాలను ఒకసారి మీ అమ్మాయినడిగి చూడండి. ఆమె ఎందుకు వెళ్తానంటోందో నా మాటలకన్నా అవే బాగా చెబుతాయి.

మీ తమ్ముడి సమస్యకు దగ్గరి సంగతి వీఈజీఎఫ్ అనే ప్రోటీన్‌ది. నాళాలను పెరగమని చెప్పే సంకేతం అది. తల్లిదండ్రుల నుంచి చెరొకటిగా వచ్చే ఆ జన్యువు ప్రతుల్లో ఒక్కటి లేకపోయినా ఎలుక పిండం గర్భంలోనే చనిపోతుందని 1996లో రెండు బృందాలు వేర్వేరుగా చూపాయి. చాలా జన్యువుల విషయంలో ఒక ప్రతి ఉంటే పని జరిగిపోతుంది. ఇక్కడ సగం మోతాదు చాలదు. ఎక్కువైనా చేటే: షుగరు రోగుల కంటి రెటీనాలో ఇది మితిమీరినప్పుడు ద్రవం కారే బలహీనమైన నాళాలు పుడతాయి, దాన్ని అణచడానికే కంటివైద్యులు ఇంజెక్షన్లు ఇస్తారు. అంటే ఒకే మనిషికి కంటిలో అక్కర్లేని నాళాలు పెరుగుతూ, కాలిలో కావలసినవి పెరగకపోవచ్చు. హృద్రోగులకు ఈ ప్రోటీన్‌నే ఎక్కించి చూసిన పరీక్షలు ఆశించిన ఫలితం ఇవ్వకపోవడంలో నాకు ఆశ్చర్యం కనిపించదు. ఎంత, ఎక్కడ, ఎప్పుడు అన్నది తేల్చడమే ఈ రంగంలోని అసలు శ్రమ.

జపాన్ శాస్త్రవేత్త షిన్యా యమనాకా బృందం 2006లో ఎలుక కణాలను, 2007లో మనిషి చర్మకణాలను మూలకణాల స్థితికి మళ్లించాక, ఆ శ్రమను గాజుపాత్రలో చేయడం మరింత వీలైంది. ఆ కణాలకు దాదాపు రోజూ పోషకద్రవం మార్చాలి, ఆదివారమైనా సరే. మీ అమ్మాయి పండక్కి ఆలస్యంగా వస్తే కోప్పడకండి. బెంగళూరులోని జవహర్‌లాల్ నెహ్రూ ఉన్నత విజ్ఞాన పరిశోధన కేంద్రంలో మనీషా ఇనాందార్ బృందం మానవ పిండ మూలకణ శ్రేణులను (ప్రయోగశాలలో తరతరాలుగా పెంచుకోగల కణాలను) రూపొందించింది. రక్తం, రక్తనాళాల అభివృద్ధికి సంబంధించిన ఒక జన్యువుకు ఆ బృందం పెట్టిన పేరు ‘అసృజ్’; సంస్కృతంలో రక్తమని అర్థం.

క్లినిక్ చెప్పేది వేరే విషయం. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం, అనుమతి పొందిన చికిత్సలను మినహాయిస్తే మూలకణాలను నమోదైన క్లినికల్ ట్రయల్‌లోనే (రోగులపై చేసే శాస్త్రీయ పరీక్షలోనే) ఇవ్వాలి, ట్రయల్‌లో రోగి నుంచి డబ్బు తీసుకోకూడదు. కాలికి రక్తం అందని తీవ్రస్థితికి మన దేశంలో అనుమతి పొందిన మూలకణ మందు ఒకటి ఉంది. ఇస్తున్నది అదేనా, కాకపోతే ట్రయల్ నమోదు సంఖ్య ఏమిటి అని రాతపూర్వకంగా అడగండి. చూపలేకపోతే రూపాయి కూడా కట్టవద్దు. ఈలోగా తమ్ముణ్ణి రక్తనాళాల శస్త్రవైద్యునికి చూపించండి. మూసుకుపోయిన ధమనిని బెలూన్‌తో తెరవడమో, బైపాస్ చేయడమో ఆయన నిర్ణయిస్తారు. కాలికి పుండు గనక ఉంటే ఈ వారమే వెళ్లండి.