గౌను చేతుల కంటే ముందు లోపలి చొక్కా కుట్టుకో

చిన్నీ,

ఫెస్టివల్‌కి కుట్టుకుంటున్న పాతకాలపు ఇటలీ ఫ్లోరెన్స్ గౌను బాడీ అయిపోయింది, వెల్వెట్, ముత్యాలు తెచ్చేశాను, ఇక చేతులు మొదలుపెడతాను అన్నావు. కాస్త ఆగు. లోపల వేసుకునే తెల్ల చొక్కా, ఇటలీ వాళ్ళు కమీచా అంటారే, అది కుట్టావా? దాన్ని ఎవరు చూస్తారులే అని చివరికి పెట్టుకున్నట్టున్నావు, కానీ ఈ డ్రెస్సులో అందరి కన్నూ పడేది దాని మీదే.

ఆ కాలం చిత్రకారుడు గిర్లాందాయో వేసిన, జొవాన్నా తోర్నబువోని అనే ఫ్లోరెన్స్ ఆవిడ బొమ్మ తెరిచి పెద్దది చేసుకుని చూడు. మాడ్రిడ్‌లో థిస్సెన్ మ్యూజియంలో ఉంది, బొమ్మలోనే 1488 అని రోమన్ అంకెల్లో రాసి ఉంటుంది. ఆవిడ చేతుల బట్ట ఎంత ఖరీదైనదో చూస్తేనే తెలుస్తుంది, అయినా మనం చూసేది మోచేతి దగ్గరా కిందా సందుల్లోంచి పొంగి బయటికొచ్చిన ఆ తెల్ల గుడ్డనే. అప్పట్లో చేతుల్ని గౌనుకు కలిపి కుట్టేసేవాళ్ళు కాదు, విడిగా చేయించుకుని భుజం దగ్గర తాళ్ళతో కట్టుకునేవాళ్ళు, పెళ్ళికూతురి సామాను జాబితాల్లో కూడా చేతుల్ని విడిగా రాసేవాళ్ళు. అంటే గౌను ఒకటే ఉన్నా చేతులు మారిస్తే వేరే డ్రెస్సు అయిపోతుంది. నువ్వు కూడా అలాగే కట్టుకునేలా చెయ్యి, బాడీకి అతికించకు.

చొక్కాకి సన్నటి లినెన్ తీసుకో, దొరక్కపోతే మల్లు గుడ్డ చాలు, పాలిస్టర్ మాత్రం వద్దు, పొంగు రాదు సరికదా చెమటకి ఒంటికి అంటుకుంటుంది. చేతి వెడల్పు నీ దండచెయ్యి చుట్టుకొలతకి రెండింతలు ఉండాలి, రెండున్నర అయితే ఇంకా మంచిది. పొడుగు కూడా నాలుగైదు అంగుళాలు ఎక్కువే ఉంచి మణికట్టు దగ్గర కుచ్చులు పెట్టు. చంకలో చదరపు ముక్క మర్చిపోకు, అది లేకపోతే చెయ్యి ఎత్తగానే చొక్కా మొత్తం పైకి లేచిపోతుంది.

ఆ చొక్కా ఒంటి మీద ఉండగానే గౌను చేతుల కొలత తియ్యి, మోచెయ్యి వంచి భుజం నుంచి మణికట్టు దాకా. చెయ్యి చాచి కొలిస్తే వంచినప్పుడు పట్టేస్తుంది. పైచేతికి ఒక ముక్క, ముంజేతికి ఒక ముక్క, మోచేతి దగ్గర రెండిటికీ మధ్య ఖాళీ. ముంజేతి ముక్కకి వెనక కుట్టు మొత్తం మూసెయ్యకుండా అక్కడక్కడా తాళ్ళతో కట్టి, మధ్యలో రెండు వేళ్ళు పట్టేంత సందు వదులు. ముందు ఇదంతా కోరా గుడ్డతో చేసి చూడు. వేసుకుని జడ వేసుకో, మంచినీళ్ళు తాగు, పైనున్న డబ్బా అందుకో. ఎక్కడైనా పట్టేస్తే అప్పుడే సరిచేసుకోవచ్చు.

ఇక వెల్వెట్. అరచేత్తో నిమిరితే నూగు ఒక వైపు మెత్తగా పడుతుంది, ఇంకో వైపు లేస్తుంది కదా, రెండు చేతులకీ అది ఒకే వైపు ఉండాలి, లేకపోతే ఎండలో నిలబడ్డప్పుడు ఒక చెయ్యి ముదురు రంగు, ఒకటి లేత రంగు అనిపిస్తాయి. మెషిన్ మీద పెడితే పొరలు ఒకదాని మీద ఒకటి జారిపోతాయి, అందుకే చేత్తో కుడతానన్న నీ నిర్ణయం నాకు నచ్చింది. ముందు కచ్చా కుట్టు వేసుకుని, దారాన్ని తేనెమైనం మీద ఒకసారి లాగి, చిన్న చిన్న బ్యాక్ స్టిచ్‌తో, అంటే ప్రతి పోటుకీ సూదిని కాస్త వెనక్కి తెచ్చి గుచ్చుతూ, కుట్టు. ఇస్త్రీ పెట్టె పైవైపు అస్సలు తగలనివ్వకు.

ముత్యాల పని ఉంది కాబట్టి వెల్వెట్ ముందే కత్తిరించకు. ఇక్కడ మగ్గం వర్క్ బ్లౌజులకి చేసినట్టే, గుడ్డ మీద చేతుల గీతలు గీసి, ఫ్రేముకి బిగించి, పని మొత్తం అయ్యాక కత్తెర పట్టు. గుండ్రటి రింగు వాడితే వెల్వెట్ నలిగి మచ్చ పడుతుంది, చుట్టూ బాగా అంచు వదిలి నలుచదరం ఫ్రేమే వాడు. రెండు మూడు ముత్యాలకోసారి వెనక ముడి వెయ్యి, దారం తెగినా వరుసంతా రాలిపోదు. చెయ్యి నడుముకి రాసుకునే వైపు ఒక్క ముత్యం కూడా వద్దు. నిజం చెప్పాలంటే నువ్వు గీసిన డిజైన్‌లో ముత్యాలు సగం తగ్గించినా చాలు, బరువు ఎక్కువైతే భుజం తాళ్ళు కిందికి లాగేస్తాయి, పైగా ఆ తెల్ల పొంగు ముత్యాల మధ్య కనపడకుండా పోతుంది.

తాళ్ళ కన్నాలకి లోహపు ఐలెట్లు కొట్టించకు, ఆ కాలంలో అవి లేవు. సన్నటి దబ్బనంతో గుచ్చి మెల్లగా తిప్పు, పోగులు తెగకుండా పక్కకి జరుగుతాయి. ఆ చుట్టూ పట్టు దారంతో దగ్గర దగ్గరగా చుట్టు కుట్టు వెయ్యి, నాలుగైదు పోట్లకోసారి మళ్ళీ దబ్బనం దూర్చి కన్నం గుండ్రంగా ఉందో లేదో చూసుకో. మొదటివి వంకరగా వస్తాయి, అందుకే వాటిని కోరా గుడ్డ మీదే వెయ్యి. భుజానికి నాలుగు జతల కన్నాలు సరిపోతాయి.

భుజం ముళ్ళు ఒంటిచేత్తో నువ్వు వేసుకోలేవు. ఫెస్టివల్‌కి ముందు రోజు మీ ఆయనకి ఒకసారి నేర్పించు, ముళ్ళు వేశాక ప్రతి సందులోంచీ చొక్కాని వేలితో బయటికి లాగడం కూడా. చెయ్యి ఎత్తి దించినప్పుడల్లా అది లోపలికి పోతుంది, మధ్యమధ్యలో లాగుతూ ఉండమను.

పెద్దమ్మ