ఆక్సిజన్ యంత్రం వాడే నాన్నగారు, ముందున్న హరికేన్ కాలం: నా అనుభవం

ఆరు నెలల కోసం ఫ్లోరిడాలోని టాంపా వచ్చిన మీ నాన్నగారికి రాత్రిపూట ఆక్సిజన్ కాన్సంట్రేటర్ (గాలి నుంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే కరెంటు యంత్రం) కావాలని, ఇన్సులిన్ కూడా తీసుకుంటారని రాశారు. హరికేన్ వస్తే ఇంట్లోనే ఉండాలా, బయలుదేరాలా అని అడిగారు. బయలుదేరండి. మీ ఇల్లు ఖాళీ చేయమనే జోన్‌లో లేకపోయినా సరే. ఆ జోన్లను ముఖ్యంగా సముద్రపు ఉప్పెనను దృష్టిలో పెట్టుకుని గీస్తారు. కరెంటు పోతే ఊపిరి అందని మనిషి సంగతి ఆ గీతల్లో ఉండదు.

మేము టెక్సాస్‌లోని హ్యూస్టన్‌లో ఉంటాం. మా అమ్మకు నిమిషానికి 2 లీటర్ల ఆక్సిజన్ పగలూ రాత్రీ కావాలి. 2024లో బెరిల్ హరికేన్ వస్తోందన్నప్పుడు, అన్నిటికంటే తక్కువ స్థాయి, ఒకటో కేటగిరీ తుపానే కదా అని కదలలేదు. జులై 8 తెల్లవారుజామున అది మాటగోర్డా దగ్గర తీరం దాటింది. ఏడు గంటలకు మా వీధిలో కరెంటు పోయింది. ఆ రోజు హ్యూస్టన్ ప్రాంతంలో 20 లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు లేదు. మధ్యాహ్నానికి గాలి తగ్గింది. మా ఇంటికి చిన్న దెబ్బ కూడా తగలలేదు. మా కష్టం అప్పుడే మొదలైంది.

ఇంట్లో ‘ఇ’ సైజు ఆక్సిజన్ సిలిండర్లు రెండు ఉన్నాయి. ఒక్కో దానిలో సుమారు 680 లీటర్లు, అంటే నిమిషానికి 2 లీటర్ల చొప్పున ఐదున్నర గంటలు. రెండూ కలిపి పదకొండు గంటలు. ఈ లెక్క నేను మొదటిసారి వేసింది ఆ ఉదయమే. సిలిండర్లు ఇచ్చే సంస్థకు ఎన్నిసార్లు చేసినా ఫోను కలవలేదు. ఒంటిగంటకు అమ్మను కారులో కూర్చోబెట్టి, సిగ్నళ్లు వెలగని కూడళ్లు దాటుకుంటూ ఆస్టిన్‌లోని స్నేహితుల ఇంటికి బయలుదేరాను. రెండో సిలిండర్ ముల్లు ఎర్ర గీతలోకి దిగాక చేరాం. దారి పొడవునా అమ్మ కిటికీలోంచి బయటికి చూడలేదు, నా ముఖమే చూస్తూ కూర్చుంది. మా ఇంటికి కరెంటు ఐదో రోజున వచ్చింది.

అందుకే మీరు ముందుగా లెక్క వేసుకోండి. నిమిషానికి 5 లీటర్ల వరకు ఇచ్చే కాన్సంట్రేటర్ మామూలుగా 300 నుంచి 350 వాట్లు లాగుతుంది. 1000 వాట్ అవర్ల బ్యాటరీ పెట్టె కొన్నా మూడు గంటలు నడవడం కష్టమే, ఒక రాత్రి గడవదు. బ్యాటరీని ప్రయాణానికి ఉంచుకోండి, ఇంట్లో ఉండిపోవడానికి దాన్ని నమ్ముకోవద్దు. జనరేటర్ ఉంటే ఇంటి తలుపులకు, కిటికీలకు కనీసం 20 అడుగుల దూరంలో ఆరుబయట పెట్టాలి. తలుపు తెరిచి ఉంచినా గ్యారేజీలో నడపకూడదు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. ఇంకో మాట, కరెంటు పోగానే కొవ్వొత్తో దీపమో వెలిగించడం మనకు అలవాటు. ఆక్సిజన్ ఉన్న గదిలో నిప్పు వద్దు, టార్చిలైట్లే వాడండి.

ఎప్పుడు బయలుదేరాలి? తుపాను గాలులు రావడానికి సుమారు 48 గంటల ముందు హరికేన్ ‘వాచ్’ ఇస్తారు, 36 గంటల ముందు ‘వార్నింగ్’ ఇస్తారు. మీరు వాచ్ వచ్చిన రోజే కదలండి. 2024 అక్టోబరులో మిల్టన్ హరికేన్ ముందు ఫ్లోరిడాలో ఎన్నో గ్యాస్ స్టేషన్లలో పెట్రోలు అయిపోయింది. రోగితో ప్రయాణానికి మామూలు కంటే రెట్టింపు సమయం పడుతుంది. వందల మైళ్లు పోనక్కరలేదు, తీరానికి దూరంగా, కరెంటు నిలిచే చోటు చాలు. హోటల్ అయితే కింది అంతస్తు గది అడగండి. లిఫ్టు ఆగితే ఆయన మెట్లెక్కలేరు.

ఎక్కడికీ వెళ్లలేని పరిస్థితి వస్తే ఫ్లోరిడాలో ప్రత్యేక వైద్య అవసరాలున్న వారికి వేరే ఆశ్రయ కేంద్రాలు ఉంటాయి. వాటికోసం రాష్ట్రం నడిపే స్పెషల్ నీడ్స్ రిజిస్ట్రీలో పేరు నమోదు చేయించండి, అదీ తుపాను పేరు వినబడక ముందే. చూసుకునే మనిషి ఒకరు తోడుండాలి, మందులు, పరికరాలు మీరే తీసుకెళ్లాలి. టెక్సాస్‌లో 211 సహాయ నంబరుకు ఫోను చేసి ఇలాగే నమోదు కావచ్చు. నమోదైనంత మాత్రాన సహాయం తప్పక వస్తుందన్న హామీ లేదు. అయినా మా అమ్మ పేరు ముందే రాయించి ఉండవలసింది, రాయించలేదు. ఆ తప్పు మీరు చేయవద్దు.

మందుల విషయంలో మీకు ఒక చిక్కు ఉంది. ఫ్లోరిడాలో అత్యవసర పరిస్థితి ప్రకటిస్తే గడువుకు ముందే 30 రోజుల మందులు మళ్లీ తీసుకోవచ్చు. అయితే అది ఇక్కడి ఫార్మసీలో ప్రిస్క్రిప్షన్ ఉన్నవారికే. ఇండియా నుంచి తెచ్చిన మందులకు వర్తించదు. కాబట్టి ఒక్కసారైనా ఇక్కడి డాక్టరుకు చూపించి, ప్రిస్క్రిప్షన్ రాయించండి. మందుల పేర్లు కూడా మారతాయి: సాల్బుటమాల్ ఇక్కడ ఆల్బుటెరాల్, గ్లైబెన్‌క్లమైడ్ ఇక్కడ గ్లైబురైడ్, పారాసిటమాల్ ఇక్కడ ఎసిటమినోఫెన్. మందులు, మోతాదులు, ఆక్సిజన్ ఎన్ని లీటర్లు, మీ ఫోను నంబరు, ఆయన మాట్లాడేది తెలుగు అనే సంగతి ఇంగ్లిషులో ఒక కాగితం మీద రాసి ఆయన జేబులోనే ఉంచండి.

ఇన్సులిన్ గురించి అంత కంగారు వద్దు. చాలా రకాలు 30 డిగ్రీల సెల్సియస్ లోపు ఉంటే 28 రోజుల వరకు పనిచేస్తాయి. ఐసుకు నేరుగా తగిలేలా మాత్రం పెట్టవద్దు, గడ్డకట్టిన ఇన్సులిన్ పారేయవలసిందే. ఎండలో ఆపిన కారులోనూ వదలవద్దు.

మీ నాన్నగారు ‘నా కోసం ఇంత హడావిడి ఎందుకు’ అనవచ్చు. మా అమ్మా అదే అంది. ఆ మాట విని ఆగవద్దు. యంత్రం వెనక అంటించిన పట్టీ మీద వాట్లు రాసి ఉంటాయి. ఆ అంకె, నిమిషానికి ఎన్ని లీటర్లు వాడుతున్నారో ఇక్కడ రాయండి, ఎన్ని సిలిండర్లు దగ్గర ఉంచుకోవాలో కలిసి లెక్క వేద్దాం.