మొదటి రోజు ఫోటోలో కనపడిన కత్తి రెండు రోజుల తర్వాత దొరికిందంటే ఎట్లా?

ప్రశ్న: మాది కొత్తపట్నం దగ్గర పల్లె సార్. 2025లో రొయ్యల చెరువు కాడ కాపలా మనిషిని చంపాడని మా తమ్ముడి మీద కేసు పెట్టారు, ఒంగోలు సెషన్స్ కోర్టులో నడస్తా ఉంది. చూసినోళ్లు ఎవరూ లేరు. రెండు రోజుల తర్వాత మా తమ్ముడు చూపిస్తే తుమ్మ చెట్లలో కత్తి దొరికిందని రాశారు. కానీ మొదటి రోజు ఫోటోలోనే శవం పక్కన ఎర్ర పిడి కత్తి ఉండాది. ఇంకో ఫోటోలో శవం బోర్లా ఉంది, వీపంతా ఊదా మచ్చలు, ఎక్కడో కొట్టి తెచ్చి పడేశారని ఊళ్లో అంటున్నారు. ఈ ఫోటోలతో కేసు కొట్టేయరా?

జవాబు: అమ్మా, మీరు పట్టుకున్నది చిన్న పాయింట్ కాదు, కానీ ఫోటో ఒక్కటే చూపించి కొట్టేయమంటే కొట్టేయరు. ముందు కత్తి సంగతి చూద్దాం. పోలీసుల దగ్గర ముద్దాయి ఒప్పుకున్నా అది సాక్ష్యం కాదు, అయితే అతను చెప్పినదాన్ని బట్టి ఏదైనా కొత్తగా బయటపడితే ఆ మేరకు మాత్రం తీసుకుంటారు, పాత ఎవిడెన్స్ యాక్ట్‌లో 27, ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 23. మరి మొదటి రోజే పోలీసుల కళ్ల ముందున్న కత్తి మూడో రోజు కొత్తగా బయటపడడం ఏంది? ఇది నిలబడితే రికవరీ, అంటే ముద్దాయి చూపిస్తే కత్తి దొరికిందన్న సాక్ష్యం, పోతుంది, చూసిన సాక్షి లేని కేసులో పరిస్థితుల సాక్ష్యాల గొలుసుకి ఒక్క లింకు తెగినా శిక్ష వెయ్యకూడదని 1984లో శరద్ సర్దా కేసులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది.

కానీ అది ఇదే కత్తి అని చూపించగలగాలి కదా. చెరువుల కాడ మేత సంచులు కొయ్యడానికి ఇలాంటి కత్తి ఏ షెడ్డులో అయినా ఉంటుంది. పక్కన స్కేలు పెట్టకుండా తీసిన ఫోటోలో పొడవు తెలీదు, దగ్గరున్నది పెద్దగా కనపడుద్ది, సెల్ ఫ్లాష్‌లో తుప్పునీ ఎండిన రక్తాన్నీ చూసి విడదీయలేం. చూడాల్సింది పిడికి ఉన్న రివిట్లు, అంచు విరిగిన చోటు, తీగ చుట్టి ఉంటే ఆ చుట్లు. కోర్టులో ఉన్న కత్తినీ ఫోటోనీ పక్కపక్కన పెట్టి మీ లాయరు చూడాలి.

అది వాట్సాప్‌లో వచ్చిన కాపీతో అయ్యే పని కాదు, అందులో మామూలుగా పంపితే ఫోటో క్వాలిటీ తగ్గిపోయి, తీసిన టైం లాంటి వివరాలు కూడా పోతాయి. ఒరిజినల్ ఫైళ్లు, అన్నీ, తీసిన వరసలో అడగండి. మెమరీ కార్డు కూడా డాక్యుమెంటే, బాధితుల ప్రైవసీ అడ్డం రాకపోతే ముద్దాయికి దాని కాపీ ఇవ్వాలని 2019లో గోపాలకృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

ఇక్కడే జాగ్రత్త పడాలి. ఎలక్ట్రానిక్ రికార్డుకి అదే సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద, అది ఎలా తీశారో చెప్తూ ఇవ్వాల్సిన సర్టిఫికెట్ లేదని అబ్జెక్షన్ పెట్టమని మీకు ఎవరో ఒకరు చెప్తారు. పెట్టాలంటే కోర్టులో ఫోటోలకి సాక్ష్యంగా నంబరు వేసి మార్క్ చేసేటప్పుడే పెట్టాలి, అప్పుడు ఊరుకుని అప్పీల్లో ఎత్తితే వినరని 2017లో సోనూ కేసులో చెప్పారు. కానీ ఆ అబ్జెక్షన్ గెలిస్తే మీ కత్తి ఫోటో కూడా పోయినట్టే! ఫోటోలు సాక్ష్యంలోంచి తీయించేసి మళ్లీ అదే ఫోటో మీద వాదించలేరు, రెండిట్లో ఏది కావాలో ముందే కూర్చుని తేల్చుకోవాలి, నా మటుకు నేనైతే మీ కేసులో ఫోటోలు ఉండాలనే అంటాను.

వీపు మచ్చలు మాత్రం దెబ్బలే అనుకోవద్దు. చనిపోయాక రక్తం కిందివైపుకి దిగి చర్మం ఊదాగా అవుతుంది, సుమారు 6 నుంచి 12 గంటల్లో అది కదలకుండా స్థిరపడిపోద్ది. వెల్లకిలా పడి ఉంటే వీపు ఊదాగా, నేలకి గట్టిగా ఆనిన భుజం ఎముకల దగ్గర తెల్లగా ఉంటుంది. పోలీసులు వచ్చేసరికే బోర్లా ఉండి వీపు ఊదాగా ఉంటే శవాన్ని ఎవరో తిప్పారని అర్థం, అది పెద్ద విషయమే. కానీ శవ పంచనామా అప్పుడు గాయాలు చూడడానికి మధ్యవర్తుల ముందు తిప్పుతారు, ఆ ఫోటో అప్పటిదే అయితే మీ వాదన మొత్తం కూలిపోద్ది, అందుకే వరస అడగమంటున్నా. అది దెబ్బా కాదా అన్నది పోస్ట్‌మార్టం చేసిన డాక్టరు చెప్పాలి, కోసి చూస్తే దెబ్బ అయితే కండలో రక్తం గడ్డకట్టి ఉంటుంది, కడిగినా పోదు.

ఫోటోగ్రాఫర్ని అడగాల్సినవి ఎన్ని తీశాడు, ఎవరు పిలిపించారు, శవాన్ని తిప్పకముందు ఏవి తర్వాత ఏవి, కత్తి ఉన్న ఫ్రేము ఎన్నోది. సీఐ గారిని మాత్రం ముందే కత్తి గురించి అడిగి హెచ్చరించొద్దు, ఆయన రాసిన అబ్జర్వేషన్ రిపోర్టులో, రఫ్ స్కెచ్‌లో కత్తి ఎందుకు లేదో ఫోటోగ్రాఫర్ సాక్ష్యం అయ్యాక అడిగితే బాగుంటుంది, ఈ వరస మీ లాయరు ఇష్టం. క్లూస్ టీం ఆ కత్తి మీద వేలిముద్రలు తీసిందా అనేది కూడా రికార్డులో చూడమనండి, మీకు వ్యతిరేకంగా ఏమన్నా ఉంటే ముందే తెలియాలి.

ఫోటోలు ఊరి గ్రూపుల్లో పెట్టొద్దమ్మా, చనిపోయినాయనకీ పెళ్లాం బిడ్డలుంటారు. ప్రాసిక్యూషన్ డాక్యుమెంట్లు ఒప్పుకుంటారా కాదా అని బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ బదులు వచ్చిన కొత్త చట్టం) సెక్షన్ 330 కింద అడిగినప్పుడు చదవకుండా సంతకం చేయించుకోనివ్వొద్దు. ఒకవేళ ఫోటోగ్రాఫర్ విచారణ ఇప్పటికే అయిపోయి ఉంటే అదే చట్టం సెక్షన్ 348 కింద మళ్లీ పిలిపించమని పిటిషన్ వేయొచ్చు, ఏమేం అడగాలో అందులో రాసి వచ్చే వాయిదాకే వేయమనండి, ఆర్గ్యుమెంట్లు మొదలయ్యాక వేస్తే సాగదీయడానికని కొట్టేసే ప్రమాదం ఎక్కువ.