జార్జి బాబు, లడ్డూల డబ్బా, నీ వ్యాసం

అమ్మాయ్,

మొన్న జులైలో లండన్ లో రాజుల ఇంట పిల్లాడు పుట్టినప్పటి హడావిడిని వెక్కిరిస్తూ నువ్వు రాసిన వ్యాసం చదివాను. సగంలో కోపం వచ్చి పక్కన పడేశాను. మళ్ళీ తీసి చదివితే ఒకే ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయాను, అందుకే ఈ జవాబు. లేకపోతే ఇక్కడ మా వైజాగ్ లో రాష్ట్రం విడదీయొద్దని రోజూ బందులూ ర్యాలీలూ, పాల ప్యాకెట్ తెచ్చుకోవడమే పెద్ద పనిగా ఉంది, ఈ గొడవలో ఇంగ్లండు రాణిగారి మునిమనవడి ముచ్చట్లు చదివే ఓపిక ఎవరికుంది చెప్పు.

భాష బావుంది. ఆపకుండా చదివిస్తావు. సరే, ఆ ముక్క చెప్పేశాను కదా.

ఇక కోపం సంగతి. పిల్లాడు పుట్టిన హాస్పిటల్ ఎదురుగా బెంచీ మీద రోజుల తరబడి పడుకున్న ముసలాయన, అదే యూనియన్ జాక్, వాళ్ళ జెండా, ఆ రంగుల సూటు వేసుకున్నాయన, ఆయన్ని పనీపాటా లేనివాడన్నావు. బకింగ్ హామ్ ప్యాలెస్ గేటు దగ్గర క్యూ కట్టినవాళ్ళని గొర్రెలన్నావు. జార్జ్ అలెగ్జాండర్ లూయీ అని పేరు బయటికి రాగానే సంబరపడ్డవాళ్ళవి బానిస బుద్ధులన్నావు, పేరేమో పాతచింతకాయ పచ్చడి అన్నావు, పేజీలకి పేజీలు ఇదే వరస. ఒక్కళ్ళతోనైనా మాట్లాడావా అని వెతికాను. లేదు. టీవీలో చూసి, ఫోన్లో చూసి, రూములో కూర్చుని రాసేశావు. లండన్ లో ఉండి కూడా! అదే గాజువాకలో కూర్చుని రాసినా ఇలాగే వచ్చేది.

పైగా నువ్వు చేసిన వెక్కిరింపు అక్కడివాళ్ళు నీకన్నా ముందే, నీకన్నా బాగా చేసేశారు. ప్రైవేట్ ఐ పత్రిక 'ఒకావిడకి బిడ్డ పుట్టింది' అన్న ఒక్క ముక్కతో కవర్ పేజీ వేసింది. గార్డియన్ వాళ్ళు తమ వెబ్ సైట్ లో ఒక బటన్ పెట్టారు, రాజులంటే గిట్టనివాళ్ళు అది నొక్కితే ఈ వార్తలన్నీ మాయం. హాస్పిటల్ బయట నిలబడ్డ బీబీసీ ఆయనే లైవ్ లో, ఇక్కణ్ణుంచి ఇంకా చాలా చెప్తాం, అందులో వార్త మాత్రం ఉండదు అనేశాడు. ఇంత జరిగాక నువ్వు కొత్తగా వెక్కిరించేదేముంది? వెక్కిరింపు అందరికన్నా ముందు తయారైపోయే సరుకు. నేను ముప్ఫై ఏళ్ళుగా కనబడిన ప్రతి కుర్రాడికీ చెప్తున్నదీ, వాళ్ళు విసుక్కుంటున్నదీ ఇదే, గుంపు గురించి రాయాలంటే ముందు ఆ గుంపులో ఒక్క మనిషిని పట్టుకుని ఎందుకొచ్చావయ్యా అని అడుగు, ఆ జవాబు చేతిలో లేకుండా పెన్ను ముట్టుకోకు.

ఇప్పుడు ఆ ఒక్క వాక్యం. 'మా ఈస్ట్ హామ్ లో నేను పార్ట్ టైమ్ చేసే షాపు ఓనరు, ఆయన శ్రీలంక తమిళుడు, ఆయన కూడా కౌంటర్ మీద లడ్డూల డబ్బా పెట్టాడంటే చూడండి ఈ పిచ్చి ఎంత దూరం పోయిందో.' అంతే, ఆ తర్వాత పేరాలోకి గెంతేశావు. నేనక్కడే ఆగిపోయానమ్మా. ఎందుకు పెట్టాడాయన? రోజూ పక్కనే నిలబడి బిల్లులు కొడతావు కదా, అడగొచ్చు కదా. శ్రీలంకలో తమిళుల మీద 1983లో జరిగిన దాడుల తర్వాత కట్టుబట్టలతో లండన్ చేరినవాళ్ళు ఎంతమందో ఉన్నారు, ఈయన వాళ్ళలో ఒకడో కాదో నాకు తెలీదు, నీకు తెలిసుండాలి. అక్కడ పౌరసత్వం తీసుకునేటప్పుడు ఒక ప్రమాణం చెయ్యాలి, ఎలిజబెత్ రాణిగారికీ, ఆవిడ వారసులకీ, ఆ తర్వాత వచ్చేవాళ్ళకీ విధేయుడిగా ఉంటానని. ఆ ప్రమాణం చేసినవాడైతే మొన్న పుట్టిన ఈ మూడున్నర కిలోల పైచిలుకు పిల్లాడికి కూడా ఆయన ఎప్పుడో మాటిచ్చేసినట్టే, పిల్లాడు పుట్టకముందే! ఆ లెక్కన ఆ లడ్డూలు పిచ్చో, మొక్కో, వ్యాపారమో, పక్క షాపువాడి మీద పోటీయో. నాలుగూ కావచ్చు. నువ్వు అడిగుంటే ఇవాళ నీ దగ్గర ఒక కథ ఉండేది.

ఇంకొకటి వదిలేశావు. జులై 22 రాత్రి ప్యాలెస్ ముందు ఆ బంగారు రంగు ఈజిల్, అంటే ఫ్రేము నిలబెట్టే స్టాండు, పెట్టారు, దాని మీద ఫ్రేములో ఒక్క కాగితం, సాయంత్రం 4.24కి మగపిల్లాడని, కింద డాక్టర్ల సంతకాలు. అప్పటికే ఈమెయిల్ లో ప్రెస్ కి చెప్పేశారు, ప్రపంచమంతా తెలిసిపోయింది, అయినా జనం చీకట్లో వరసగా నడుచుకుంటూ వచ్చి ఇనప కమ్మీల మధ్యనుంచి ఫోన్లు దూర్చి ఆ కాగితాన్ని ఫొటో తీసుకున్నారు. దీన్ని నువ్వు రెండు పేజీలు ఎగతాళి చేశావు. ఆ ఈజిల్ పట్టుకొచ్చి పెట్టిన ఇద్దరిలో ఒకడు కలకత్తా కుర్రాడని మాత్రం రాయలేదు. ఇక్కడ అన్ని పేపర్లలో వచ్చింది. బీదవాళ్ళ బస్తీలో పెరిగాడు, స్కాట్లండు వెళ్ళి హోటల్ చదువు చదివాడు, ప్యాలెస్ లో ఫుట్ మ్యాన్, అంటే సేవకుడి ఉద్యోగం దొరికింది. ప్రపంచం మొత్తం చూసిన ఆ ఫొటోలో ఎర్ర వెయిస్ట్ కోటు వేసుకుని నిలబడ్డాడు, కొద్ది రోజులకే వీసా గడువు అయిపోయి ఇంటికొచ్చేశాడు. చదువయ్యాక ఉండి పని చేసుకునే ఆ పాత వీసా కిందటేడు ఏప్రిల్ లో ఎత్తేశారని మీ నాన్నతో ఫోన్లో ఏడ్చింది నువ్వే కదా? మరి ఆ కుర్రాడు నీ కంటికి ఎందుకు కనబడలేదు? ఎందుకంటే నువ్వు నవ్వడంలో బిజీగా ఉన్నావు.

పేరు దగ్గరికొస్తాను, అక్కడ నీతో బాగా పేచీ ఉంది. 'రెండు రోజులు ఊరించి ఊరించి చివరికి జార్జ్ అంట' అని నవ్వావు. వాళ్ళ ఇంట్లో రెండు రోజులంటే ఆగినట్టే కాదు, ఈ పిల్లాడి నాన్న పేరు బయటపెట్టడానికి వారం పట్టింది, తాత చార్లెస్ పేరైతే నెల రోజులు, బాప్టిజం దాకా చెప్పలేదు. బెట్టింగ్ షాపుల్లో ముందు అంతా అమ్మాయే అనుకుని అలెగ్జాండ్రా మీద పందేలు కాశారు. మొన్న ఏప్రిల్ లోనే చట్టం పాసైంది, ఆడపిల్ల ముందు పుడితే వెనకాల తమ్ముడు పుట్టినా ఆ పిల్ల హక్కు ఎక్కడికీ పోదని. అందుకే ఈసారి ఆడా మగా అన్న ఆసక్తి వట్టి ఆసక్తి కాదు, నువ్వు ఈ ముక్క కూడా రాయలేదు. అబ్బాయని తేలాక జార్జే ఫేవరెట్. ఎందుకు ఫేవరెట్ అన్నది అసలు ప్రశ్న. 1936లో అన్నగారు ఎనిమిదో ఎడ్వర్డ్ ప్రేమించినావిడ కోసం కిరీటం వదిలేసి పోతే, ఇంట్లో బర్టీ అని పిలిపించుకునే తమ్ముడు ఆల్బర్ట్, రాణిగారి నాన్న, సింహాసనం ఎక్కుతూ తండ్రి పేరు తగిలించుకుని ఆరో జార్జ్ అయ్యాడు, ఏమీ జరగలేదు, అంతా మామూలే అని జనానికి చెప్పడానికి. ఆ తండ్రిగారేమో 1917లో, జర్మనీతో యుద్ధం జరుగుతుంటే, జర్మన్ వాసన వచ్చే ఇంటిపేరు తీసేసి విండ్సర్ అని పెట్టుకున్నాడు. కంగారు పడ్డప్పుడల్లా వాళ్ళు పేరు దగ్గరికే పరిగెత్తారు. లూయీ అంటే మౌంట్ బాటెన్ పేరు, మన ఆఖరి వైస్రాయ్, అది కూడా నీకు పట్టలేదు.

అయినా పాత పేరు పెట్టారని నవ్వే హక్కు నీకెక్కడిది? నీది మీ నానమ్మ పేరు కదా. మరి మీ అమ్మ నిన్ను బుజ్జీ అని ఎందుకు పిలుస్తుంది? అత్తగారి పేరు పెట్టి, నువ్వు అన్నం తిననప్పుడల్లా ఆ పేరుతో నిన్ను తిట్టలేక. మన ఇళ్ళల్లో కోడళ్ళందరి బాధా అదే, మామగారి పేరున్న కొడుకుని నోరారా పిలవలేక అబ్బాయ్, నానీ అని గడిపేశారు పాపం.

ఇంకా చెప్తాను విను. నువ్వు పుట్టిన రోజు మీ నాన్నా నేనూ మహారాణిపేటలో ఆ హాస్పిటల్ వరండాలో ఉన్నాం. కింద గచ్చు మీద పాడేరు నుంచి వచ్చినవాళ్ళు, శ్రీకాకుళం నుంచి వచ్చినవాళ్ళు, క్యారేజీ తల కింద పెట్టుకుని పడుకున్నారు, మధ్యలో నడవడానికి దారి లేదు. ఆయా వచ్చి ఆడపిల్ల అంది, చెయ్యి చాపింది. మీ నాన్న జేబులో చిల్లర లేక నా జేబు తడిమాడు. ఆ హాస్పిటల్ పేరేంటి? కేజీహెచ్. కింగ్ జార్జ్ హాస్పిటల్. 1923లో తెరిచారు, ఐదో జార్జ్ పేరు మీద, మీ రాణిగారి తాత. మా వైపు ఎవరికీ ఆ జార్జ్ ఐదోవాడో ఆరోవాడో తెలీదు, అక్కర్లేదు కూడా, కేజీహెచ్ కి తీసుకుపోయారంటే మనిషి పరిస్థితి బాలేదని అర్థం, కేజీహెచ్ నుంచి ఇంటికొచ్చాడంటే బతికాడని. రాజు పోయాడు, రాజ్యం పోయింది, పేరు మిగిలి ఆసుపత్రయింది. నీ బర్త్ సర్టిఫికెట్ మీద జార్జ్ ఉన్నాడమ్మా, నువ్వు ఈస్ట్ హామ్ లో కూర్చుని ఆ పేరు విని నవ్వుతున్నావు. ఇది రాసుంటే నీ వ్యాసం ఎక్కడికో వెళ్ళిపోయేది.

ఈ వెక్కిరింపు రోగం నీకు ఎవరు అంటించారో నాకు తెలుసు, మా కాలం వారపత్రికల ఎడిటర్లే. 1982లో ఎన్టీఆర్ చైతన్యరథం మా వైపు వస్తోందంటే ఒక పత్రిక నన్ను రాయమంది, పేరు చెప్పను, ఆ ఎడిటర్ ఇప్పుడు లేడు. సాయంత్రానికి వస్తుందన్న బండి అర్ధరాత్రి దాటినా రాలేదు. రోడ్డు పక్కన ఒక ముసలామె హారతి పళ్ళెంలో కర్పూరం గాలికి ఎగిరిపోకుండా కొంగు అడ్డం పెట్టుకుని అలాగే నిలబడింది. ఎందుకే అమ్మా ఇంత రాత్రిదాకా అంటే, 'తిరపతి ఎల్లడానికి డబ్బుల్లేవు బావూ, ఆయనే ఇటొస్తన్నాడు గదా' అంది. ఎంత లెక్క చూసుకుందో చూడు! సినిమాలో వేంకటేశ్వరుడు వేసినాయన ఇంటి ముందుకొస్తుంటే బస్సు చార్జీ మిగులు. నేను ఆవిడ మీదే మొత్తం రాసి పంపాను. ఎడిటర్ గారు ఆ ముసలామెని కొట్టేసి, మిగిలిందానికి 'అభిమానం వెర్రితలలు' అని హెడ్డింగ్ పెట్టి వేసుకున్నాడు. అడిగితే, రచయిత గారూ, పాఠకుడికి చురక కావాలి, ముసలమ్మలు కాదు అన్నాడు. ఆ తర్వాత చాలాకాలం అక్కడికి ఏమీ పంపలేదు, పంపినా వేసుకునేవాడు కాదనుకో. ఇప్పుడు ఫేస్ బుక్ వచ్చాక అందరూ ఆ ఎడిటర్లే అయిపోయారు, రెండు లైన్ల చురక, కింద లైకులు.

సరదాగా రాశాను బాబాయ్, తేలిగ్గా తీసుకో అని మెయిల్ చివర రాశావు. కిందటి డిసెంబర్ లో ఇదే పిల్లాడు కడుపులో ఉన్నప్పుడు ఆస్ట్రేలియా రేడియోవాళ్ళు ఇద్దరు సరదాకే రాణిగారిలా, చార్లెస్ లా గొంతు మార్చి ఆ తల్లి చేరిన హాస్పిటల్ కి ఫోన్ చేశారు. కాల్ ఎత్తి వార్డుకి కలిపిన నర్సు మన మంగళూరు వైపు నుంచి వెళ్ళినావిడ, ఇద్దరు పిల్లల తల్లి. మూడు రోజులకి ఆవిడ లేదు. నీ వ్యాసంలో రాణిగారి కుక్కలు కూడా ఉన్నాయి, ఆవిడ లేదు.

కలం పేరు పెట్టుకోవాలా, పుస్తకం ఎవరు వేస్తారు, ఇంగ్లీషు మాటలు ఎంతవరకు వాడొచ్చు అని ఏవో అడిగావు. వాటి సంగతి తర్వాత చూద్దాం, అసలు రాతే లేనప్పుడు కలం పేరు దేనికి.

రాజులు ఉండాలా వద్దా అన్నదాంట్లో నేను నీ పక్షమే, అది వేరే వాదన, అది రాయాలంటే దానికి ఖర్చు లెక్కలు కావాలి, చట్టాలు కావాలి, జనాన్ని తిట్టక్కర్లేదు. ముందు రేపు డ్యూటీకి వెళ్ళినప్పుడు షాపులో రద్దీ తగ్గాక ఆ ఓనర్ని కూర్చోబెట్టి అడుగు. ఎప్పుడొచ్చాడు, ఏ ఊరు, ఆయన పిల్లలకి ఏం పేర్లు పెట్టాడు, ఆ డబ్బా ఎక్కడ కొన్నాడు, ఎవరెవరు తీసుకున్నారు, ఎవరు వద్దన్నారు. ఫోన్లో రికార్డు చెయ్యకు, మనిషి బిగుసుకుపోతాడు, ఇంటికొచ్చి గుర్తున్నంత రాసుకో. ఆ బెంచీ ముసలాయన కూడా ఎక్కడికీ పోడు, ఎలాగూ ఈ పిల్లాడి బాప్టిజానికి మళ్ళీ వస్తాడు, అప్పుడు పట్టుకో.

రాశాక పంపేటప్పుడు ఆ 'అను' ఫాంట్ ఫైలు మాత్రం పంపకు, నా కంప్యూటర్ లో అన్నీ డబ్బాలే కనబడ్డాయి, పక్కింటి కుర్రాడు వచ్చి మార్చి పెట్టేదాకా చదవలేకపోయాను. యూనికోడ్ లో పంపు. మీ నాన్నకి బీపీ మాత్రలు మానేస్తున్నాడని నేను చెప్పినట్టు చెప్పకు.

ఉంటాను,
బాబాయ్
విశాఖపట్నం, 2013 ఆగస్టు