ముఖం కనపడకపోయినా నాన్నే అని ఎలా తెలుస్తుంది?

ప్రశ్న: సాయంత్రం కరెంటు పోయినప్పుడు వీధి చివర నుంచి ఎవరో వస్తుంటారు. ముఖం సంగతి అటుంచి చొక్కా రంగు కూడా తెలీదు. అయినా మా అమ్మ "మీ నాన్న వచ్చేస్తున్నారు, టీ పెట్టు" అంటుంది. ఒక్కసారీ తప్పలేదు. ఎలాగండీ?
— ఓ పాఠకురాలు, తణుకు

జవాబు: మీ అమ్మగారికి ముఖంతో పని లేదండీ, నడక చాలు. స్వీడన్‌లో ఉప్సలా యూనివర్సిటీ సైకాలజిస్టు గున్నార్ యొహాన్సన్ 1973లో దీని మీద ఒక పేపర్ వేశాడు. భుజాలు, మోచేతులు, మణికట్లు, తుంటి, మోకాళ్లు, చీలమండలు, ఇలా కీళ్ల దగ్గర ఓ పది పన్నెండు వెలుగు చుక్కలు పెట్టి, మనిషిని చీకట్లో నడిపించి ఫిల్మ్ తీశాడు. తెర మీద చుక్కలు తప్ప చెయ్యీ లేదు, కాలూ లేదు. ఫిల్మ్ ఆపితే ఎవరో ముగ్గు వేద్దామని చుక్కలు పెట్టి లోపలికి వెళ్లిపోయినట్టు ఉంటుంది. కదిలిందా, చూసినవాళ్లు వెంటనే "మనిషి నడుస్తున్నాడు" అనేస్తారు. 0.2 సెకను చూపించినా చాలని తర్వాత తేలింది. అదే ఫిల్మ్‌ని తలకిందులుగా వేస్తే మాత్రం చాలామంది తికమకపడతారు.

ఇది పెద్దయ్యాక నేర్చుకున్న విద్య అనుకుంటాం గానీ, ఇటలీలో రెండు రోజుల పసికందులకి ఇలాంటి చుక్కలు చూపిస్తే, అడ్డదిడ్డంగా కదిలేవాటి కన్నా నడకలా కదిలేవాటినే ఎక్కువసేపు చూశారు. ఆ నడక మనిషిది కూడా కాదు, కోడిది!

ఇక ఫలానా మనిషే అని పోల్చుకోవడం. 1977లో అమెరికాలో కటింగ్, కొజ్లోవ్‌స్కీ అనే ఇద్దరు సైకాలజిస్టులు, ఒకరికొకరు స్నేహితులైన కొందరి నడకల్ని చుక్కలుగా తీసి ఆ స్నేహితులకే చూపించారు. ఊరికే ఊహించి చెప్పేదానికన్నా బాగానే చెప్పారు, అయితే తప్పులూ బాగానే చేశారు. అందుకే మీ అమ్మగారి నూటికి నూరు మార్కుల్లో కొన్ని నాన్నగారు ఇంటికొచ్చే టైముకీ, చెప్పుల చప్పుడుకీ, వీధికుక్క మొరగకపోవడానికీ ఇవ్వాలని నా అనుమానం.

ఇంకో తమాషా. మన నడకని మనం చూసుకునేది ఎప్పుడో పెళ్లి వీడియోలో. అయినా 1981లో చేసిన ఇలాంటి ప్రయోగంలో జనం స్నేహితుల నడక కన్నా సొంత నడకనే బాగా పోల్చుకున్నారు.

ఇంట్లో చూడాలంటే నల్ల బట్టల మీద కీళ్ల దగ్గర రేడియం స్టిక్కర్ ముక్కలు అంటించి, లైట్లు ఆపి, ఫోన్ ఫ్లాష్ వేసి వీడియో తీయండి. నాన్నగారు ఒప్పుకుంటేనే సుమా.