ఆ స్టాంపు పేపర్ మీద సంతకం పెట్టకు, అమ్మలూ

అమ్మలూ,

పెద్దమనుషులు కూర్చుంటున్నారని, వంద రూపాయల స్టాంపు పేపర్ మీద విడాకులు రాసుకుని ఇద్దరూ సంతకాలు పెడితే పని అయిపోతుందని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. అయిపోదు. ఉద్యోగమంతా కోర్టు ఆఫీసుల్లోనే గడిపాను కాబట్టి ఇలాంటి కాగితాలు పట్టుకుని ఏళ్ల తర్వాత ఏడుస్తూ వచ్చిన ఆడపిల్లల్ని చాలామందిని చూశాను. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావని రాసి పంపుతున్నాను.

మన పెళ్లిళ్లకు వర్తించేది 1955 నాటి హిందూ వివాహ చట్టం. దాని కింద విడాకులు ఇవ్వాల్సింది కోర్టే. నోటరీ ముద్ర వేయించినా, ఊరంతా సాక్షి సంతకాలు చేసినా అది విడాకులు కాదు. కొన్ని కులాల్లో ఆచారంగా వస్తున్న తెగతెంపుల పద్ధతిని చట్టం ఒప్పుకుంటుంది గానీ, ఆ ఆచారం ఉందని రుజువు చేసుకునే బరువు ఉందన్నవాళ్ల మీదే ఉంటుంది, మన ఇళ్లల్లో అలాంటిది ఎప్పుడూ లేదు. ఈ కాగితాన్ని నమ్ముకుని మీ ఆయన ఇంకో పెళ్లి చేసుకున్నా నేరమే, రేపు నీకు మంచి సంబంధం వచ్చి నువ్వు చేసుకున్నా నేరమే, ఏడేళ్ల దాకా జైలు శిక్ష ఉంది దానికి. పెద్దమనుషుల్ని కాదనమని నేను చెప్పడం లేదు. మాటలు కుదిర్చేది వాళ్లే, కుదర్చనీ. కుదిరింది మాత్రం కోర్టు పిటిషన్లోకి ఎక్కాలి.

ఇద్దరికీ ఇష్టమే కాబట్టి సెక్షన్ 13బి కింద పరస్పర అంగీకారంతో వెయ్యండి. ఏడాదిగా విడిగా ఉండి ఉండాలి. పిటిషన్ వేశాక ఆరు నెలలు ఆగి మళ్లీ ఇద్దరూ వచ్చి చెప్పాలి. మీరు విడిపోయి చాలాకాలమైంది, ఇచ్చిపుచ్చుకోవడాలు తేలిపోయాయి, కలిసే దారి లేదు అని కోర్టు నమ్మితే ఆ ఆరు నెలలు ఎత్తేయొచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది, లాయర్ని అడుగు. డిక్రీ, అంటే కోర్టు ఆఖరి ఉత్తర్వు, వచ్చేలోపు ఎవరైనా మనసు మార్చుకుని అంగీకారం వెనక్కి తీసుకోవచ్చు. అందుకే డబ్బు మొత్తం రేపు ఇస్తాం, ముందు సంతకం పెట్టు అంటే వినకు. మొదటిసారి హాజరైన రోజు కొంత, చివరి రోజు జడ్జిగారి ముందు మిగతాది డీడీ రూపంలో, అలా రాయించు.

బంగారం సంగతి. నీ పుట్టింటివాళ్లు పెట్టినదీ, అత్తవారు పెట్టినదీ, చుట్టాలు చదివించినదీ అంతా నీ స్త్రీధనం, పసుపు కుంకుమ కింద నీకు రాసిన అరెకరం కూడా. అది భరణం లెక్కలోకి రాదు. ఎనిమిది లక్షలు ఇస్తున్నాంగా, అందులోనే బంగారం కూడా అంటున్నారట, ఒప్పుకోవద్దు, రెండూ వేరు. పెళ్లి ఆల్బం ముందు పెట్టుకుని ఏ నగ ఎన్ని కాసులో, ఎవరు పెట్టారో, ఇప్పుడు ఎవరి లాకర్లో ఉందో వదిన పక్కన కూర్చుని రాయి. షాపు బిల్లులు, మీ నాన్న బ్యాంకు నుంచి వాళ్లకు పంపిన డబ్బు తాలూకు స్టేట్‌మెంట్లు తియ్యి. వాట్సాప్ మెసేజీలు కోపంలో డిలీట్ చేయకు.

వాళ్లు సాగదీస్తుంటే మాత్రం భరణం పిటిషన్ ఆలస్యం చేయకు, ఎందుకంటే 2020 సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం భరణం లెక్క నువ్వు దరఖాస్తు పెట్టిన తేదీ నుంచే, ఆగిన ప్రతి నెలా నీ చేతి డబ్బు పోయినట్టే. ఇద్దరూ ఆదాయం, ఆస్తులు, అప్పులు అఫిడవిట్‌లో చెప్పాలి. నీ జీతం దాచకు. అబద్ధం ఒకటి దొరికితే నిజాలన్నీ అనుమానంలో పడతాయి.

బాబు గురించి ఎక్కువ ఆలోచించు. అయిదేళ్లు నిండని బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలని చట్టంలోనే ఉంది, ఆ తర్వాత కూడా కోర్టు చూసేది బిడ్డ మంచి. కానీ "అప్పుడప్పుడు చూడవచ్చు" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే ప్రతి పండక్కీ గొడవే. ఏ వారాంతం, వేసవి సెలవుల్లో ఎన్నాళ్లు, సంక్రాంతి ఎవరి దగ్గర, ఫీజులు ఎవరు కడతారు, పాస్‌పోర్ట్‌కి సంతకం ఎవరు పెడతారు, అన్నీ రాయండి. బాబు ఖర్చులు నాకొద్దు అని నువ్వు ఆవేశంలో రాసిచ్చినా వాడి హక్కు పోదు, రాయకపోవడమే మేలు. వాడి ముందు వాళ్ల నాన్నని తిట్టకండి, మీ అమ్మకీ ఇదే చెప్పాను.

అమెరికా వెళ్లి అక్కడే విడాకులు తెచ్చుకుంటానని అతను బెదిరించాడట. తిరుపతిలో పెళ్లయిన ఒక జంట కేసులో మిస్సోరీ కోర్టు ఇచ్చిన డిక్రీ ఇక్కడ చెల్లదని 1991లోనే సుప్రీంకోర్టు తేల్చింది, మన చట్టంలో లేని కారణంతో, భార్య ఆ కోర్టుకు లోబడకుండా వచ్చిన డిక్రీ కాబట్టి. అక్కడి నుంచి ఏ కాగితం వచ్చినా నువ్వే జవాబు రాసేయకు, ముందు లాయర్‌కి చూపించు.

ఇక కేసు పెట్టమని ఎవరో సలహా ఇచ్చారన్నావు. అతను చెయ్యి చేసుకున్న రోజు ఆసుపత్రి చీటీ ఉందిగా, అది నిజం, దాని మీద గృహహింస చట్టం కింద వెళ్లు, పోలీసు ఫిర్యాదు కూడా నీ హక్కే. వేరే ఊళ్లో కాపురం చేసుకుంటున్న ఆడపడుచు పేరు మాత్రం కలపకు. ఏ ఆధారం లేకుండా ఇంటిల్లిపాదినీ ఇరికించడం తప్పని 2024 డిసెంబరులో తెలంగాణ నుంచి వెళ్లిన కేసులోనే సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. అసలు నీ మనసుకే అది మంచిది కాదు తల్లీ.

లాయర్ ఫీజు గురించి టెన్షన్ పడకు. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, జిల్లా కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసులో అడుగు, లేదంటే 15100కి ఫోన్ చెయ్యి. పిటిషన్ నువ్వు ఇప్పుడుంటున్న ఊళ్లోనే వేసుకోవచ్చు, వాళ్ల ఊరు తిరగక్కర్లేదు. డిక్రీ వచ్చిన రోజే సర్టిఫైడ్ కాపీలకు దరఖాస్తు పెట్టు, రెండు మూడు తీసుకో. పాస్‌పోర్ట్ ఆఫీసులో, బ్యాంకులో, బాబు స్కూల్లో అవే అడుగుతారు.

మీ బాబాయ్