మైకు ఇక్కడ, యాంటెన్నా అక్కడ: లైసెన్సు ఎవరిది?

ప్రశ్న: నేను లైసెన్సున్న హామ్‌ని, అంటే సరదా కోసం రేడియో స్టేషన్ నడిపే వ్యక్తిని. మా అపార్ట్‌మెంట్‌లో యాంటెన్నా పెట్టనివ్వలేదు. రెండేళ్లు పోట్లాడి విసిగిపోయాను. యూరప్‌లోనే మరో దేశంలో ఉన్న మిత్రుడు తన స్టేషన్‌ను ఇంటర్నెట్‌ ద్వారా వాడుకోమన్నాడు. రెండు దేశాలూ టి/ఆర్ 61-01ను (ఒక దేశపు హామ్ లైసెన్సును మరో దేశంలో ఒప్పుకునే యూరప్ సిఫారసును) పాటించేవే కదా అని, ఆ దేశపు ప్రిఫిక్స్ (దేశాన్ని తెలిపే ముందక్షరాలు) తగిలించి నా కాల్‌సైన్‌తో (రేడియోలో నా గుర్తింపు పేరుతో) ఎనిమిది నెలలు మాట్లాడాను. ఇప్పుడు 21 రోజుల్లో సంజాయిషీ ఇమ్మని మిత్రుడికి నోటీసొచ్చింది. రెండు వారాలుగా టెన్షన్‌తో నిద్ర లేదు. లాగ్ (ఎవరితో ఎప్పుడు మాట్లాడానో రాసుకున్న చిట్టా) చెరిపేస్తే గొడవ పోతుందా?

జవాబు: అపార్ట్‌మెంట్ గొడవ ఇక్కడ అక్కరకు రాదు. తరంగాలు ఏ దేశంలోని యాంటెన్నా నుంచి వెళ్లాయన్నదే ప్రశ్న. అంతర్జాతీయ రేడియో నిబంధనల 18వ అధికరణం ప్రకారం ట్రాన్స్‌మిటర్ ఏ దేశ పరిధిలో ఉంటే ఆ ప్రభుత్వ లైసెన్సు కావాలి. 1985 నాటి టి/ఆర్ 61-01 కొద్దిరోజులు వెళ్లొచ్చేవాళ్ల కోసం పుట్టింది. మీరు ఆ దేశంలో కాలే పెట్టలేదు. రిమోట్ వాడకాన్ని అక్కడి సొంత నిబంధన ఒప్పుకుంటే తప్ప ఆ ప్రిఫిక్స్ మిమ్మల్ని కాపాడదు. అది చదవడానికి ఎనిమిది నెలల్లో ఒక్క సాయంత్రం దొరకలేదా?

లాగ్ జోలికి మాత్రం వెళ్లకండి. మీతో మాట్లాడినవాళ్ల లాగుల్లో మీ కాల్‌సైన్, తేదీ, సమయం, బ్యాండ్ ఎలాగూ ఉంటాయి. మీ కాపీ చెరిపితే నిబంధన తెలియక చేసిన పొరపాటు కాస్తా సాక్ష్యం మాయం చేయడమవుతుంది. "ఆ సమయంలో రేడియో ముందు నేనే ఉన్నాను" అని మిత్రుడితో పాత తేదీ కాగితం రాయించుకున్నా అంతే.

నిద్ర సంగతి తర్వాత, 21లో 14 రోజులు పోయాయి! నోటీసు అందిన తేదీకి రుజువు దాచమని మిత్రుడికి చెప్పండి. గడువు దాటకముందే అక్కడి లాయరు ద్వారా పొడిగింపు రాతపూర్వకంగా అడగాలి. నోటీసు అతని పేరున ఉంది, స్టేషన్ అతనిది, కాబట్టి జవాబు అతనే ఇవ్వాలి. మీరు పూర్తి లాగ్, అతను వాడుకోమన్న ఈమెయిళ్లు, ఈరోజుతో ఆపేశానన్న ఉత్తరం ఇవ్వండి.

మళ్లీ ఆ స్టేషన్ వాడాలంటే అక్కడి లైసెన్సు తెచ్చుకోండి. హారెక్ సర్టిఫికెట్ (యూరప్ దేశాలు పరస్పరం ఒప్పుకునే హామ్ పరీక్ష సర్టిఫికెట్) ఉంటే మళ్లీ పరీక్ష లేకుండానే అడగొచ్చు. దరఖాస్తులో రిమోట్‌గా వాడతానని దాచకుండా రాయండి, ఒప్పుకున్నట్టు కాగితం చేతికొచ్చాకే మైకు పట్టుకోండి.